వెంటపడని వ్యాపారం

“మళ్ళీ ఎదురువాళ్ళ దగ్గరికే వెళ్ళిందండీ,” అని కంప్యూటర్ తెర మీద అక్షరాలు పడగానే వ్యాసాలమ్మ ఉసూరుమంది.

వ్యాసాలమ్మ అన్నది ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆమెకు పెట్టిన ముద్దుపేరు. వేలమంది పనిచేసే ఆ కంపెనీ, దుకాణాలవాళ్ళకు కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఆమె మాత్రం ఏమీ అమ్మదు. జనానికి పనికొచ్చే వ్యాసాలు రాసి కంపెనీ సైట్లో పెడుతుంది. చదివినవాళ్ళు ఏదైనా అడిగితే అక్కడే జవాబిస్తుంది. ఎవరి వెంటా పడకుండా, వాళ్ళంతట వాళ్ళే కంపెనీ గుమ్మం ఎక్కేలా చెయ్యడం ఆమె విభాగం పని.

అలా గుమ్మం ఎక్కినవాళ్ళు ఇంతవరకూ లేరు. నెలాఖరు మీటింగులో, వ్యాసాల వల్ల బాగుపడ్డ మనిషిని ఒక్కరినైనా చూపించకపోతే విభాగం ఎత్తేసి, ఆమెను ఫోన్ల మాస్టారి కింద పడేస్తానన్నాడు డైరెక్టర్. ఫోన్ల మాస్టారంటే అమ్మకాల విభాగానికి పెద్ద. అవతలివాళ్ళు భోంచేస్తున్నా, స్నానానికి వెళుతున్నా వదలకుండా ఫోన్లు చేసి అంటగట్టడంలో ఘనుడు. ఆ ఉద్యోగం తలుచుకుంటేనే ఆమెకు గుండెల్లో రాయి పడేది.

అందుకే, “వెళ్ళిపోయిన కస్టమర్ తిరిగి రావాలంటే” అన్న తన వ్యాసం చదివి సలహా అడిగిన ఈ పెద్దాయనను ఆమె గట్టిగా పట్టుకుంది.

“మీరేం ఇచ్చేవారు?” అని మొదటిరోజే అడిగింది.

“పాలండీ. రెండు పూటలా.”

“ఎదురువాళ్ళు?”

“వాళ్ళవీ పాలే. కాస్త చిక్కగా ఉంటాయేమో.”

ఓహో, పాల వ్యాపారం అనుకుని, ఆయనకు పాలాయన అని పేరు పెట్టేసింది.

“తిరిగి రప్పించడానికి మీరేం చేస్తున్నారు మరి?” అని ఇవాళ అడిగింది.

“కనబడినప్పుడల్లా పిలుస్తున్నానండీ. నిన్నయితే వీధి చివరిదాకా వెంటపడ్డాను. పరుగు లంకించుకుంది.”

“అదేనండీ తప్పు! వెంటపడితే ఎవరైనా పారిపోతారు. కావలసింది వాకిట్లో పెట్టి, మీ పని మీరు చూసుకోండి. ఇంకో మాట. కస్టమర్‌ని ‘వెళ్ళింది, వచ్చింది’ అనకూడదు. ‘వెళ్ళారు, వచ్చారు’ అనాలి. మనసులో గౌరవం ఉంటే అది నోట్లోకి వస్తుంది.”

“అలాగేనండీ,” అన్నాడు పాలాయన బుద్ధిగా.

మర్నాటినుంచి కబుర్లన్నీ మర్యాదగానే వచ్చాయి.

“గేటు దాకా వచ్చారండీ. నన్ను చూసి వెళ్ళిపోయారు.”

“చూడనట్టు ఉండండి.”

“ఇవాళ మెట్టు మీద కూర్చున్నారండీ. నేను పలకరించలేదు. పేపరు చదువుకున్నాను.”

“శభాష్!”

వెనకనుంచి ఇదంతా చదివిన ఫోన్ల మాస్టారు పకపకా నవ్వాడు.

“పాలు కొనేవాళ్ళు మెట్ల మీద కూర్చుంటారా తల్లీ? ఇది వ్యాపారం కాదు, సంసారం. పెళ్ళాం అలిగి ఎదురింట్లో మకాం పెట్టింది. రెండు పూటలా పాలు కాచి ఇచ్చిన మొగుణ్ణే వదిలేసిందంటే గట్టి మనిషే! నువ్వేమో జీతం తీసుకుంటూ కాపురాలు చక్కదిద్దుతున్నావు.”

వ్యాసాలమ్మ గతుక్కుమంది. ఆలోచిస్తే నిజమే అనిపించింది. పైగా పాలాయన సంగతి డైరెక్టర్‌కు ఘనంగా చెప్పేసింది. పోనీ ఇక జవాబివ్వకుండా ఊరుకుందామంటే, పేపరు అడ్డం పెట్టుకుని ఆశగా కూర్చున్న ఆ మనిషి కళ్ళముందు మెదిలాడు. జాలేసింది. విభాగం పోతే పోయింది, ఆయన ఇల్లు నిలబడితే చాలు అనుకుంది.

“తొందరపడకండి. లోపలికి వచ్చాక, ఎందుకు వెళ్ళారని మాత్రం నిలదీయొద్దు,” అని రాసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు కబురే లేదు. మీటింగు ముందురోజు ఒక్క ముక్క వచ్చింది.

“వచ్చేశారండీ! రాత్రి నా పక్కనే పడుకున్నారు!”

వ్యాసాలమ్మకు సిగ్గేసింది. కళ్ళు మాత్రం చెమర్చాయి.

“రేపు ఇద్దరూ కలిసి మా ఆఫీసుకు రావాలి,” అని పిలిచింది.

“తప్పకుండా తీసుకొస్తానండీ,” అన్నాడు.

అన్నట్టే పాలాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో మూత ఉన్న బుట్ట చూసి, మిఠాయిలు కాబోలని హాల్లో అందరూ లొట్టలు వేశారు.

“పిలిస్తే రాలేదండీ. పిలవడం మానేస్తే వచ్చారు. అంతా ఈ అమ్మాయి చలవే,” అన్నాడు పాలాయన మైకులో.

హాలు చప్పట్లతో మారుమోగింది. డైరెక్టర్ లేచి, వ్యాసాల విభాగం ఎక్కడికీ పోదని, అమ్మకాలవాళ్ళు కూడా ఈ పద్ధతి నేర్చుకోవాలని అక్కడికక్కడే ప్రకటించేశాడు. ఫోన్ల మాస్టారి మొహం మాడిపోయింది.

వ్యాసాలమ్మ ఆనందం పట్టలేక పెద్దావిడ చేతులు పట్టుకుంది.

“మీరు తిరిగొచ్చేశారు, నాకంతే చాలు పిన్నిగారూ!”

“నేనా? నేనెక్కడికి వెళ్ళానమ్మా?” అంది ఆవిడ తెల్లబోయి.

చప్పట్లు ఆగిపోయాయి.

“మరి తిరిగొచ్చింది ఎవరండీ?” అన్నాడు డైరెక్టర్.

“వీరేనండీ,” అంటూ పాలాయన బుట్ట మూత తీశాడు.

“మ్యావ్,” అన్నారు కస్టమర్ గారు.