పుట్టినప్పటి కోత

భర్త గుండయ్య పోయిన రోజు తారాబాయి గట్టిగా ఏడవలేకపోయింది. రెండు మాటలకే రొప్పింది. అందరూ దుఃఖమనుకున్నారు. దినాలయ్యాకా రొప్పు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తుల నిండా గుండ్రటి మచ్చలు.

“క్యాన్సరే గదా సారూ? సాఫ్ చెప్పున్రి,” అంది జహీరాబాద్ దవాఖానలో డాక్టర్ అఖిలేష్ ముందు కూర్చుని. కూతురు దీక్షిత ఆమె చెయ్యి వదల్లేదు. తండ్రి పోయాక ఆ పిల్లకు మిగిలింది ఈ చెయ్యే.

“ఇంతకుముందు ఆపరేషన్ ఏమన్న అయిందా?”

“ఈ పిల్ల పుట్టినప్పుడు పొట్ట కోసిన్రు. గంతే.”

“ఆ కోత చూపించే నన్ను బెదిరిస్తది సార్,” దీక్షిత నవ్వబోయింది. “నేను పుట్టిననాడు నాయిన ట్రాక్టర్ కంపెనీల తనతోటి పనిచేసేటోళ్లందరికి జిలేబి పంచిండంట. వాచ్‌మనే పావుకిలో తిన్నడంట.”

“అర్ధకిలో,” అంది తల్లి.

మచ్చలోంచి ముక్క తీసి చేయించిన పరీక్ష రిపోర్టును డాక్టర్ మరోసారి చదివాడు.

“క్యాన్సర్ కాదమ్మా. గర్భసంచిల వచ్చే మామూలు గడ్డలు. అక్కడి కండ రక్తంల కొట్టుకొచ్చి ఊపిరితిత్తుల నాటుకుంది. పుస్తకంల చదివిన గాని, కండ్లతోటి ఇదే చూసుడు.”

“అల్లం లెక్కనా సారూ? తవ్వి తీసినా, ముక్క మిగిలి మొలిచినట్టు?”

“అట్లనే. మందులతోటి ఆపొచ్చు. కానీ స్కానింగుల మీకు గర్భసంచే లేదు. ఎప్పుడు తీసిన్రు? ఎందుకు? అది తెలిస్తేనే ఇవి ఆ గడ్డలేనని ఖాయం చెయ్యగల్గుత.”

తారాబాయి కూతురి వైపు తిరిగింది. “బిడ్డా, జర నీళ్లు పట్కరాపో.”

తలుపు ఓరగా పడింది.

“దానికి తెల్వద్దు సారూ. చెప్పకుంటనే పోదామనుకున్న. గడ్డలున్నయని తీసేసిన్రు. మా ఆయనకు కంపెనీల నౌకరి దొరకకముందు.”

దీక్షిత నీళ్ల సీసాతో లోపలికి వచ్చింది.

“ఏమన్న ఇన్నవా?”

“ఏం లేదమ్మా. తాగు.”

కోహీర్ బస్సులో తల్లి ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దీక్షిత ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి, ఊపిరి బిగబట్టి చూసింది. ఎప్పుడో తీసి పారేసిన గర్భం అమ్మ గుండెకు రెండు పక్కలా తెల్లగా మొలిచి ఉంది.

తనను కన్నదెవరని ఆమె ఇప్పటికీ అడగలేదు.