కొంగ మెడ

వరద వంతెనను ఎత్తుకుపోయాక ఆరో ఏడు అది. ఐడహో కొండల్లో చలికాలమంతా మంచు మొహం చాటేసిన ఏడు.

లావెల్ భార్య వెర్డా గుమ్మంలో కూర్చుని ఖాళీ పిండి సంచులు కలిపి కుడుతోంది.

"దీన్ని దుప్పటంటారా? తీగ మీద ఆరేసినవి ఒక్కటీ మిగల్లేదు. గాలికి పోయాయట! పెళ్ళినాటి తెల్ల దుప్పట్లు."

లావెల్ గుర్రానికి జీను బిగిస్తున్నాడు.

"మళ్ళీ కొండకేనా?"

"తూము చూసి రావాలి."

"తాళం వేసిన తూమును ఎన్నిసార్లు చూస్తావు? ముద్దొస్తోందా?"

అంతలో పక్క పొలం డెల్మార్ వచ్చాడు. చేతిలో గునపం.

"నా గడ్డి మాడిపోతోందన్నా. తాళం తీస్తావా, పగలగొట్టనా?"

"మెడ తెగిందా?" అన్నాడు లావెల్.

ఇద్దరూ కొండవైపు చూశారు. ఎండలు ముదిరేకొద్దీ ఆ కొండ ముఖాన మిగిలిన మంచు కొంగలా కనిపిస్తుంది. కొంగ మెడ తెగిన రోజున పైచెరువు తూము ఎత్తాలి. అది తాతలనాటి కట్టడి; తూము తాళం లావెల్ చేతిలో ఉంటుంది. మంచి ఏళ్ళలో బంగాళాదుంపలు పూతకొచ్చే వేళకి తెగేది.

ఈ ఏడు అంతవరకు ఆగదని లావెల్‌కు తెలుసు. వసంతంలో చర్చిలో అందరూ కూడినప్పుడు లేచి చెప్పాడు కూడా. "ఈసారి కొంగను చూడొద్దు. దుంపను చూసి వదులుదాం. ముందే వదిలితే దుంప ఊరే వేళకి చెరువులో బురదే మిగుల్తుంది."

ఒక్క చెయ్యీ లేవలేదు. "తాతల కట్టడి మార్చడానికి నువ్వెవరు?" అని అందరికంటే గట్టిగా అరిచింది డెల్మారే.

ఇప్పుడా డెల్మారే కళ్ళు చికిలించి కొండను తిడుతున్నాడు.

"పొట్ట పోయింది, కాళ్ళు పోయాయి. మెడ మాత్రం నీలాగే మొండిది."

"కట్టడి నాది కాదు తమ్ముడూ. నువ్వు పట్టుబట్టిందే."

డెల్మార్ మొహం ఎర్రబడింది. "నేనే పైకెక్కి దగ్గర్నుంచి చూస్తా."

జీను పట్టీ మీద లావెల్ చెయ్యి ఆగిపోయింది. ఒక్క క్షణమే.

"పద, ఇప్పుడే పోదాం. కాలవ నీళ్ళ వంతు ఇవాళ నీదే కదా? నువ్వు దిగొచ్చేసరికి ఎవడో ఒకడు తన చేలోకి మళ్ళించుకోడూ?"

డెల్మార్ కొండను చూశాడు, కాలవను చూశాడు. కాలవలో పారేది గుర్రం గిట్ట తడిసేటన్ని నీళ్ళే. అవీ పోతే ఇంకేమీ లేదు. గునపం నేలకేసి కొట్టాడు.

"తెగిన రోజు నీ తలుపు నేనే తడతా. అప్పుడు తూము చూడాలి, తుప్పు చూడాలి అన్నావో..."

"తట్టు."

అతను వెళ్ళాక లావెల్ బకెట్టు దగ్గరికి పోయి నీళ్ళు తాగాడు. ఒక చెంబు తాగి మళ్ళీ ముంచాడు.

"అంత దాహమేం?" అంది వెర్డా.

"ఎండ."

తర్వాత్తర్వాత చర్చిలో లావెల్ దంపతుల పక్కన ఎవరూ కూర్చోలేదు. డెల్మార్ మేత లేక ఆవుల్ని అమ్మకానికి తోలేశాడు. ఆ పూట దారిలో లావెల్ ఎదురైతే ఉమ్మేసి పోయాడు. లావెల్ టోపీ సర్దుకున్నాడు, అంతే. పైచెరువు నీళ్ళు పైనే ఉన్నాయి. కొంగ మెడ తెల్లని దారప్పోగులా నిలిచే ఉంది.

ఒక సాయంత్రం చూస్తే బంగాళాదుంప చేలన్నీ పూశాయి. డెల్మార్ చేనూ పూసింది. అతను కంచె మీద మోచేతులాన్చి నిలబడ్డాడు. తిట్టే ఓపిక కూడా లేదు.

"తవ్వి చూశానన్నా. దుంప పట్టింది. ఇప్పుడు తడి తగిలితే ఇల్లు నిలబడుద్ది. లేదంటే గోళీలు ఏరుకోవడమే."

"ఊఁ."

"ఎప్పుడూ ఆ కొండ మీదే ఉంటావు కదా. నీ మాట వింటుందేమో, ఆ కొంగకు కాస్త చెప్పరాదూ?"

"చెబుతాలే," అన్నాడు లావెల్.

మరునాడు పొద్దున్నే కొండెక్కి, కొంగ మెడ మీంచి వెర్డా దుప్పట్లు తీసి మడిచాడు.