అయ్య తిరిగొచ్చాడు

హుకుంపేట సంతనుంచి రత్న ఇల్లు చేరేసరికి మూలనున్న చాప ఖాళీగా ఉంది.

“మామేడత్తా?” అంది, నెత్తిమీది గంప దించకుండానే.

అత్తగారు సోములమ్మ వాకిట్లో రాగులు చెరుగుతోంది. “నీ మొగుడు ఎత్తుకెళ్లాడు. కాపీతోటకాడికి.”

“ఈయన ఎత్తుకెళ్లాడా?”

“ఆడి అయ్యని ఆడు తీసుకెల్తే నీకేటే?”

“కత్తి అట్టుకెళ్లాడా?”

“తోటకి కత్తి నేకుండా ఎవులెళ్తారు?” సోములమ్మ చేట దులిపి నవ్వింది. “ఆ ముసిలోడి సేతిలో ఆడికన్నా నానే ఎక్కువ తిన్నాను దెబ్బలు. నానే ఊరుకున్నాను. ఇప్పుడాడికి నిలబడ్డానికి కాళ్లే నేవు. ఎవులికేటి బయం?”

రత్నకి భయం. మామ ఈ ఇంటికి వచ్చి తొమ్మిది నెలలైంది. ఒక్కరోజు కూడా ఆమె మొగుడు భీముడు ఆయన్ని తాకలేదు. జావ తాగించడం, ఒళ్లు తుడవడం, తడిపిన గుడ్డలు ఉతకడం, అన్నీ రత్నే. ఆయన ఉన్న గదిలో భీముడు నిద్రపోడు. అరుగుమీద, చలిలో, గొంగడి కప్పుకుని పడుకుంటాడు.

నిన్న పొద్దున గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. “అయే కళ్లు,” అన్నాడు. “కట్టీసినప్పుడు కూడా అలాగే సూసినాడు.”

భీముడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మేకలు సామచేలో పడ్డాయని అయ్య తాగొచ్చి, తోటలో పనసచెట్టుకు కట్టేసి పోయాడు. తెల్లారేదాకా ఎర్రచీమలు. మణికట్ల మీద తాడు ఒరుసుకున్న మచ్చలు ఇంకా పోలేదు.

గంప అక్కడే పడేసి రత్న పరుగెత్తింది. వాన వెలిసిన దారి జారుతోంది. కింద గెడ్డలో నీళ్లు హోరుమంటున్నాయి. గెడ్డలోకి విసిరేశాడేమో. కత్తి ఎత్తాడేమో. చెట్టుకు కట్టేసి వదిలేశాడేమో. సంతకు ఎందుకెళ్లాను, ఎందుకెళ్లాను అనుకుంటూనే కాఫీ మొక్కల మధ్యకి దూరింది.

భీముడి గొంతు వినిపించి ఆగిపోయింది.

అయ్య పనసచెట్టు మొదట్లో, చెట్టుకు ఆనుకుని ఉన్నాడు. ఎదురుగా భీముడు గొంతుక్కూర్చున్నాడు. కత్తి పక్కన నేలలో దిగి ఉంది.

“ఇక్కడే,” అంటున్నాడు భీముడు. “అయ్యా అయ్యా అని అరిసినాను. తిరిగి సూడకుండా ఎలిపోనావు. సెప్పు, ఎందుకు?”

అయ్య అతని మొహంలోకే చూశాడు. పెదవులు వణికాయి. తర్వాత ఏడవడం మొదలుపెట్టాడు.

భీముడు చెయ్యి ఎత్తాడు. రత్న చేతికందిన కొమ్మ పట్టుకుంది.

ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. కిందికి దిగి, అయ్య మెడ మీద పాకుతున్న చీమను రెండు వేళ్లతో తీసి పారేసింది. తర్వాత ముక్కు తుడిచింది.

“ఊరుకో,” అన్నాడు భీముడు. అతనూ ఏడుస్తున్నాడు. “తండ్రంటే ఎలాగుండాలో నాకెవులూ సూపించనేదు. అయినా సరే. నువ్వు నాకు సెయ్యనిది నాను నీకు సేత్తాను.”

కొమ్మల చప్పుడుకి తలెత్తి రత్నను చూశాడు. “బేగి రా,” అన్నాడు. “ఆకలేస్తన్నట్టుంది.”

రత్న కూలబడి ఆయన్ని ఒళ్లోకి లాక్కుని రొమ్ము అందించింది. పేరుపెట్టిన రోజు ఊళ్లో పూజలు చేసే దిసారి గిన్నెడు నీళ్లలో బియ్యపు గింజలు వదిలి చూసి, చచ్చిపోయిన మీ అయ్యే నీకు పుట్టాడు అని భీముడికి చెప్పిన తర్వాత, అతను తన కన్నకొడుకుని ముట్టుకోవడం ఇవాళే మొదలు.