బస్సులో చివరి కిటికీ

“నా వల్ల కాదు టీచర్! నన్నొదిలెయ్యండి,” అంటూ టైలరమ్మ కుంచెను బకెట్లో పడేసింది. రంగునీళ్లు చింది గోడ మీద పడ్డాయి.

పిల్లల ఆసుపత్రిలో తల్లులు తమ వంతు కోసం కూర్చునే హాలు గోడ అది. ఈ చివర నుంచి ఆ చివరకు దాని మీద పెద్ద నీలం బస్సు. చుట్టుపక్కల పేటల ఆడవాళ్లంతా కలిసి వేస్తున్నారు. వాళ్లలో ఎవరికీ బొమ్మలు వెయ్యడం రాదు. రానివాళ్లే కావాలని డ్రాయింగ్ టీచరు పట్టుబట్టి మరీ పోగుచేసింది. ఒక్కొక్కరికి ఒక్కో కిటికీ. అందులో తన ఇంటి మనిషి మొహం వెయ్యాలి. ఫోటో చూడకూడదు. ఒకరి కిటికీలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

అందరి కిటికీలూ నిండాయి, టైలరమ్మది తప్ప. ఇన్నాళ్లూ ఆమె రంగులు కలిపింది, కుంచెలు కడిగింది, చక్రాలకు నలుపు పూసింది. కిటికీ జోలికి మాత్రం పోలేదు.

“గుడ్డ మీద సుద్దతో గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాదు నీకు. గోడంటే ఎందుకమ్మా అంత భయం?” అంది టీచరు.

“గుడ్డకైతే కొలతలుంటాయి. మా ఆయన మొహానికి కొలతలెక్కడివి?”

“మనిషిని తలుచుకో. చెయ్యి దానంతటదే పోతుంది.”

“నెలలో సగం రోజులు క్యాంపులంటూ ఊళ్లు పట్టుకు తిరిగే మనిషి. ఏమని తలుచుకోను?”

“అయితే సగం మొహమే వెయ్యి. తక్కిన సగం బస్సు లోపల ఉందనుకుంటాం,” అంది కండక్టరమ్మ. అందరూ గొల్లున నవ్వారు.

టైలరమ్మకు రోషం వచ్చింది. కుంచె అందుకుని గబగబా ఒక మొహం గీసేసి పక్కకు జరిగింది.

“ఇదేంటే! గుమ్మడికాయకు మీసాలు పెట్టావా?” కండక్టరమ్మ నోరు జారింది.

టైలరమ్మ అరచెయ్యి నల్లరంగులో ముంచి, ఆ మొహం మీద ఈడ్చి కొట్టినట్టు పులిమేసింది. అందరూ కొయ్యబారిపోయారు. కొత్త గోడ, ఇన్నాళ్ల కష్టం, దాని మీద అంత నల్లమచ్చ. ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

అప్పుడు బేకరీ అక్క లేచింది. ఆమె కిటికీలో వాళ్ల అత్తగారు ఉంది. బస్సు మొత్తానికి అంత చక్కగా వచ్చిన బొమ్మ ఇంకోటి లేదు. అక్క కుంచె నలుపులో ముంచి, తిన్నగా వెళ్లి, అత్తగారికి ఇంతలేసి మెలితిరిగిన మీసాలు పెట్టేసింది.

“అక్కా! ఏం చేశావే!” టైలరమ్మ కెవ్వుమంది.

“ఏమైంది ఇప్పుడు? గోడ కూలిందా? ఆవిడొచ్చి జుట్టు పట్టుకుందా? చెడింది, మళ్లీ వేస్తాను. నువ్వూ అంతే.”

కండక్టరమ్మ దగ్గరికొచ్చి టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. “నా నోటికి బ్రేకుల్లేవు, నీకు తెలుసుగా. రా, నా కిటికీలో మా అబ్బాయికి రెండు కొమ్ములు పెట్టు. నీ కసి తీరుతుంది.”

“ఒకరి కిటికీలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు!” అంది టీచరు కంగారుగా. ఏడుస్తున్న టైలరమ్మకు నవ్వాగలేదు.

నల్లమచ్చ మీద తెల్లరంగు పూసి, ఆరేదాకా దాని ఎదుటే కూర్చుంది. కొత్త చొక్కా తొడిగి కాలర్ సరిచూసేటప్పుడు, తన చేతికి వీలుగా మొగుడు గడ్డం ఎత్తే తీరు గుర్తొచ్చింది. లేచింది. కాలర్ దగ్గర మొదలుపెట్టి పైకి పోయింది. గడ్డం, పెదాలు, చెంప, కన్ను. ఎవరినీ ఏమీ అడగలేదు. మధ్యలో ఆగలేదు.

పని ముగించి వెనక్కి తిరిగేసరికి అందరూ ఆమె వెనకే మూగి ఉన్నారు.

“అమ్మో! పలకరిస్తే పలికేలా ఉన్నాడు,” అంది కండక్టరమ్మ.

టీచరు దగ్గరగా వెళ్లి ఒక్కో గీతా పరీక్షగా చూసింది. టైలరమ్మ తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అవి ఇంకెవరివో అయినట్టు.

“బాగుందంటే బాగుంది. పోలిక కుదిరిందా మరి?” అంది ఆత్రంగా.

“మేం మీ ఆయన్ని ఎప్పుడన్నా చూస్తే కదే చెప్పడానికి!” అంది బేకరీ అక్క.

అంతలో వార్డు తలుపు తెరుచుకుంది. ఆ ఆసుపత్రికి కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు, డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరింది. బస్సును చూసుకుంటూ నడుస్తున్నదల్లా చివరి కిటికీ దగ్గర టక్కున ఆగిపోయింది. భుజం మీది సంచి జారి కింద పడినా తీసుకోలేదు.

“ఎవరండీ... ఎవరు వేశారు ఇది?”

అందరూ కలిసి టైలరమ్మను ముందుకు తోశారు.

“నేనే,” అంది టైలరమ్మ. ఆమె గొంతు అంత ధీమాగా పలకడం ఆ హాల్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

“ఎంత బాగా వేశారండీ! ఆ గడ్డం ఎత్తడం, ఆ దొంగనవ్వు... అచ్చుగుద్దినట్టు దించేశారు!”

టైలరమ్మ మొహం వెలిగిపోయింది. “విన్నారా? పోలిక కుదిరిందట!” అంటూ రంగు చేతులతోనే నర్సు రెండు చేతులూ పట్టేసుకుంది. వెనక ఆడవాళ్లంతా చప్పట్లు చరిచారు.

“అవునూ, ఆయన మీకెలా తెలుసండీ?”

నర్సు పకపకా నవ్వింది.

“భలే అడిగారే! కట్టుకున్న మొగుణ్ణి ఆమాత్రం గుర్తుపట్టలేనా?”