నాగేశం పంక్చరు

డాక్టరు రోజూ సైకిల్ తొక్కమన్నప్పటి నుంచి, అదేం చిత్రమో, బట్టల దుకాణం నాగేశానికి ప్రతి పొద్దునా పంక్చరే.

"సైకిల్ షాపుల ఇయ్యరాదుండ్రి," అనేది భార్య సుశీల.

"గింత దానికి షాపెందుకే? నేను చేసుకుంట గద!"

చక్రం విప్పి, ట్యూబు బకెట్లో ముంచి, బుడగలొచ్చిన చోట ప్యాచీ వేసి, చెమటలు కారేదాకా గాలి కొట్టేవాడు. అంతలో దుకాణం తెరిచే వేళయ్యేది. సైకిల్ ఒక్కనాడూ గేటు దాటలేదు. బజార్లో సైకిల్ మీద ఆయన పొట్ట చూసి నవ్వేవాళ్లకు ఆ అవకాశమే దొరకలేదు.

మూడు నెలలకు రిపోర్టు చూసి డాక్టరు మురిసిపోయాడు. "షుగర్ మంచిగ దిగింది! రోజూ ఏడిదాక తొక్కుతున్నరు?"

నాగేశం నోరు మెదిపేలోగా సుశీల అందుకుంది. "చంద్లాపూర్ దాక సార్."

బయటికొచ్చాక నాగేశం నసిగాడు. "గట్ల అబద్ధం చెప్తివేందే?"

"మరి పొద్దుగాల్నే లేచి మీరే ట్యూబుకు పిన్నీసు గుచ్చుతున్నరని చెప్పాల్నా?"

నాగేశం గతుక్కుమన్నాడు. సుశీల తన చీరకున్న పిన్నీసు తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"గాలి కొట్టి కొట్టే షుగర్ దిగింది. మీ పిన్నీసు మొద్దువడ్డది. రేపటి సంది దీంతోని గుచ్చున్రి."