మూలనున్న పీపా

“ఇది కాదమ్మా,” అన్నాడు ముసలాయన, గ్లాసు ముక్కు దగ్గర్నుంచి దించి.

గ్లాసులో చుక్క తగ్గలేదు.

బెనిల్డెకి ఒళ్ళు మండింది.

“అది మా నలభై ఏళ్ళ తెల్ల పోర్టు వైను. గాయా రేవు మొత్తంలో దీన్ని మించింది ఎక్కడుందో చూపించండి, నేనే వచ్చి తాగుతా!”

“మంచిదే తల్లీ, కాదన్లేదు. నేనడిగింది లోపల ఉత్తరం గోడ మూలన ఉందే, ఆ పీపాలోది. లియోనెల్ ఉన్నప్పుడు అదే పోసేవాడు.”

ఆ వైన్ కంపెనీలో ఏ పీపాలోది దేంతో కలపాలో రుచి చూసి తేల్చే పెద్దాయన లియోనెల్. చలికాలంలో ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. ఆయన కుర్చీలో ఇప్పుడు బెనిల్డె కూర్చుంటోంది, తాత్కాలికంగా.

ఆ కుర్చీలో ఇంతవరకు ఆడమనిషి కూర్చోలేదు. “ఆడదాని ముక్కు అత్తరుకి పనికొస్తుంది గానీ పోర్టుకా?” అని పీపాలు దొర్లించేవాళ్ళు చాటుగా నవ్వుకోవడం ఆమె చెవిన పడుతూనే ఉంది.

కంపెనీ నూరేళ్ళ పండక్కి ఒక ప్రత్యేకమైన తెల్ల పోర్టు కావాలన్నాడు యజమాని ఆల్వారో. అది నచ్చితే కుర్చీ ఖాయం. నచ్చకపోతే మూటాముల్లే సర్దుకోవడమే.

ఈ సాయంత్రమే ఆయన లిస్బన్ నుంచి దిగుతున్నాడు. ఏ పీపా వాడాలో ఆమెకింకా తేలలేదు.

రుచి చూడ్డానికి వచ్చేవాళ్ళకి గ్లాసులు అందించే జెఫెరీనో ఆమెను పక్కకి పిలిచాడు.

“అమ్మగారూ, ఈయన ప్రతి శుక్రవారం వస్తాడు. తాగడు. వాసన చూసి, గ్లాసు నిండుగా వదిలేసి పోతాడు. లియోనెల్ గారుంటే స్వయంగా ఆయనే పోసేవారు, మమ్మల్ని దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. మేం ‘ముక్కుతో తాగే తాత’ అని పేరు పెట్టాం.”

ఆమెకి ఠక్కున వెలిగింది.

పాత పోర్టు చేతిలోకొచ్చాక తాగకుండా వదిలేసేది ఈ రేవులో రుచి చూడ్డమే వృత్తిగా ఉన్నవాళ్ళే. పైగా లోపల ఏ పీపా ఎక్కడుందో ఈయనకి తెలుసు. పోటీ కంపెనీ మనిషి కాక ఇంకెవరు?

తిరిగొచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

“ఆ పీపా సంగతి మీకెందుకు?”

ముసలాయన టోపీ చేతుల్లో నలుపుకుంటున్నాడు.

“దాన్ని దేంట్లోనూ కలపరు కదమ్మా?”

“కలిపితే?”

“వద్దమ్మా. దాన్నలా ఉండనివ్వండి.”

“ఎందుకట?”

ఆయన చెప్పబోయాడు. పక్కన జెఫెరీనో గ్లాసు తుడుస్తూ నవ్వాపుకుంటున్నాడు. అది చూసి ఆగిపోయాడు.

“అది... దేంతోనూ కలిసేది కాదులే అమ్మా,” అన్నాడు చివరికి.

“భలేవారే! మా దగ్గరున్న మేలైన సరుకు మేం వాడకూడదు. ఆ మాట చెప్పడానికి మిమ్మల్ని పంపారన్నమాట! పంపినవాళ్ళకి చెప్పండి, బెనిల్డె చెవిలో పువ్వు పెట్టుకోలేదని.”

“నన్నెవరు పంపుతారమ్మా?”

“ఇంక దయచెయ్యండి. జెఫెరీనో, ఈయన్ని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వకు.”

“అంత దూరం రేగ్వా ఊరి నుంచి రైల్లో పడి వచ్చాను తల్లీ. ఒక్కసారి దాని వాసన చూసి వెళ్ళిపోతాను.”

“లేదన్నానా!”

ముసలాయన లేచాడు. నిండు గ్లాసుని ఒలక్కుండా బల్ల మధ్యకి జరిపి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

“బాగా గడ్డి పెట్టారమ్మగారూ!” అన్నాడు జెఫెరీనో.

ఆమె తిన్నగా ఉత్తరం గోడ దగ్గరికి వెళ్ళింది. చిన్న పీపా. పైన ఏ రాతా లేదు. లియోనెల్ దాని ఊసే ఎత్తలేదు గనక ఇన్నాళ్ళూ ఆమె కూడా పట్టించుకోలేదు.

గ్లాసులోకి తీసింది. తెల్లదన్న పేరే గానీ, ఏళ్ళ తరబడి మగ్గి ముదురు తేనె రంగుకి తిరిగింది. నారింజ తొక్క, అక్రోటు, ఏదో మంచి ఎండిన పువ్వు వాసన. ఒక్క చుక్క వేసుకుంటే ఎంతసేపటికీ నోరు వదల్లేదు.

“అమ్మ ముసలాడా! ఇందుకా వద్దన్నావ్!” అనుకుంది.

మధ్యాహ్నానికల్లా ఆ పీపా మొత్తం తొట్టిలోకి వంచేయించి మిగతా పాత వైన్లతో కలిపించింది. ఒకసారి కలిపాక విడదీయడం దేవుడి తరం కూడా కాదు.

సాయంత్రం ఆల్వారో ఒక గుక్క తీసుకుని, వెంటనే ఇంకో గుక్క తీసుకున్నాడు.

“కుర్చీ నీదే అమ్మాయ్!” అన్నాడు. “ఇంతటి పోర్టు మా నాన్న కూడా చేయించలేదు. ఏం వేశావ్?”

“ఉత్తరం మూల పీపా సార్!”

ఆయన చేతిలో గ్లాసు ఆగిపోయింది.

“ఎంత?”

“మొత్తం. పోటీవాళ్ళు మనిషిని కూడా పంపారు సార్, దాన్ని ముట్టుకోవద్దని. తాగడు, వాసన చూస్తాడు, అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడు. మెడపట్టి గెంటినంత పని చేశాను.”

“రేగ్వా నుంచి వచ్చాడా?”

“అవును సార్. మీకెలా...?”

ఆల్వారో పక్కనున్న పీపా మీద చతికిలబడ్డాడు.

“తప్పు నాది. లియోనెల్‌కి తెలుసు గదా అని నీకు చెప్పలేదు. ఎక్కడున్నాడాయన?”

“పొద్దున్నే వెళ్ళిపోయాడు సార్.”



“ఆయన ఏ కంపెనీ మనిషీ కాదు, బెనిల్డె,” అన్నాడు ఆల్వారో తల దించుకుని. “తనకి ఆడపిల్ల పుట్టిన ఏడాది, దాని పెళ్ళినాడు తెరుద్దామని ఆ పీపా నింపుకుని, పెళ్ళి కాకుండానే పిల్ల పోతే ఇంట్లో చూడలేక మా నాన్నకి ఊరికే అప్పగించి, ‘నేను బతికున్నన్నాళ్ళు దాన్ని ముట్టుకోకండి, వచ్చి వాసన చూసుకుపోతా’ అని మాట తీసుకున్న తండ్రి.”