మంచు చిరుత భుజం

బయట తాళం పడిన చప్పుడు విని బెగిమాయ్ తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"అసిల్‌కాన్ అక్కా! నేనింకా లోపలే ఉన్నా!"

తాళాలు చూసుకునే ఆ అక్క అప్పటికే భోజనానికి వెళ్లిపోయింది. ఆ ఊరి మ్యూజియం కిటికీలన్నిటికీ ఇనప కడ్డీలే.

"అరిచి లాభం లేదు తల్లీ. రెండింటికిగానీ రాదు."

ప్రతి ఆదివారం అక్కడ కనిపించే ముసలాయన. గడ్డి కూరి నిలబెట్టిన మంచు చిరుత ఉన్న అద్దాల బీరువా పక్కనే బెంచీమీద కూర్చుని ఉన్నాడు.

"రెండింటికా! అన్నయ్య ఒంటిగంటకే వస్తాడు. లగ్మాన్ వండి ఉండకపోతే ఇక నన్ను గడప దాటనివ్వడు."

తలుపుని గట్టిగా గుంజింది. సంచిలోంచి బొమ్మ జారి కింద పడింది.

ఉన్నిని సూదితో పొడిచి పొడిచి చేసిన మంచు చిరుత. పిల్లికూనంత ఉంది. ఒంటి మచ్చలు, మీసాలు, చెవి లోపలి నూగు, అన్నీ ఉన్నాయి.

ముసలాయన వంగి చూశాడు.

"భుజం తప్పు."

"తప్పా? మూడేళ్లుగా ఆ అద్దంలోదాన్ని చూసే చేస్తున్నా. అచ్చం అలాగే ఉంది!"

"అందుకే తప్పు."

"మీరేమైనా బతికున్న చిరుతని చూశారా?"

"చూశాను. ఆలస్యంగా."

ఆయన చెయ్యి చాచాడు. బెగిమాయ్ బొమ్మని తీసి గుండెకి హత్తుకుంది.

"ముట్టుకోకండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెల్లగా నేలమీద మోకాళ్లూ చేతులూ ఆనించి నాలుగడుగులు పాకాడు. బరువు పడిన వైపు, పాత కోటు కింద భుజం ఎముక వీపుకంటే పైకి లేచింది.

"చూశావా? ఇలా లేవాలి."

"పిచ్చి తాత!" అని ఫక్కున నవ్వింది బెగిమాయ్.

ఆయన బీరువా పట్టుకుని, రొప్పుతూ లేచాడు. అద్దం వైపు తిరిగి కూర్చున్నాడు.

తాళం తీయగానే ఆమె వెనక్కి చూడకుండా ఇంటికి పరుగెత్తింది.

అన్నయ్య అన్నంత పనీ చేశాడు. చలికాలమంతా ఆమెకి పొయ్యి, పశువుల కొట్టం, నాలుగు గోడలు.

ఏమీ తోచని ఒక మధ్యాహ్నం ఆ ముసలాయన పాకడం గుర్తొచ్చింది. భుజం దగ్గర ఉన్ని పీకేసి, మళ్లీ పొడిచింది. మూడు రోజులు పట్టింది.

కొట్టం తలుపు తీసిన అన్నయ్య గడ్డిమీది బొమ్మని చూసి గభాలున వెనక్కి అడుగేశాడు.

తర్వాత దగ్గరికొచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వే చేశావా?" అన్నాడు. ఆ తర్వాత, "ఆదివారం వెళ్లు," అన్నాడు.

మంచు కరుగుతున్న రోడ్డుమీద బెగిమాయ్ మ్యూజియం దాకా పరుగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది.

"అక్కా, ఇక్కడ కూర్చునే తాత ఏరీ?"

"సాతార్ తాతా? ఫిబ్రవరిలో పోయాడమ్మా."

బెగిమాయ్ బొమ్మని ఖాళీ బెంచీమీద పెట్టింది.

"ఎందుకొచ్చేవారు అక్కా, ప్రతి వారం?"

"ఒక్కసారి ఈ అద్దం తెరవమని బతిమాలడానికి. నలభై ఏళ్ల కిందట ఈ చిరుతలో గడ్డి కూరి, ప్రాణం ఉన్నట్టు నిలబెట్టింది ఆయనేనట. భుజం తప్పు చేశాను, సరిచేసి పోతాననేవాడు."